ఒకరు లేకపోతే పని ఆగేదా?

ఏటా మార్చి వచ్చేసరికి మా ఆఫీసులో ఫారాల కాలం మొదలవుతుంది. బెంగళూరులో మాదొక చిన్న కంపెనీ. ర్యాంకింగుల కోసం పరిశోధనా సంస్థలు నింపుకునే ఫారాలకి కావలసిన లెక్కలు తీసిపెడతాం. ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు (వేరే పేపర్లు వాటిని ఎన్నిసార్లు ఉటంకించాయి), పేపర్లలో విదేశీ కో-ఆథర్లు ఉన్నవి ఎంత శాతం. ఈ చివరిది నా వంతు. దానికిచ్చిన గడి చిన్నది, రెండంకెలూ ఒక దశాంశమూ పడతాయి. తెనాలిలో మా అమ్మ అందరికీ "మా అమ్మాయి బెంగళూరులో సాఫ్ట్‌వేరు" అని చెప్పుకుంటుంది. నేనూ సరిదిద్దను. దేశాల మధ్య శాస్త్ర సహకారం కొలిచే ఉద్యోగం అంటే వినేవాళ్ళు ఇంకో రెండు ప్రశ్నలడుగుతారు, వాటికి నా దగ్గర జవాబుల్లేవు.

రెండేళ్ళ క్రితం ఒక సంస్థకి ఆ గడి నింపి పంపాను. అంకె వాళ్ళకి నచ్చలేదు. ఫోను చేసి, "ఇంకోసారి చూడండి మేడం. మా దగ్గర గౌరవ ప్రొఫెసర్లున్నారు, విదేశాల్లో ఉంటారు, తమ పేపర్లలో రెండో అఫిలియేషన్‌గా, అంటే తాము పనిచేసే రెండో సంస్థగా, మా పేరు రాస్తారు. అవి కలిపారా?" అన్నారు. కలపలేదు. కలిపితే అంకె దాదాపు రెట్టింపైంది. ఆ వారంలో అక్కడ ఒక్క కొత్త ప్రయోగం మొదలవలేదు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు, ఎక్కడినుంచీ రాలేదు. నేనొక ఫిల్టరు మార్చాను, అంతే. నియమాల ప్రకారం అది తప్పు కూడా కాదు.

ఆ గడి మీద నాకు అనుమానం అప్పుడు పుట్టింది. దేశాలు కలిసి ఎంత పని చేశాయో తెలుసుకుందామని బయల్దేరి, కలిసి ఎన్ని సంతకాలు పెట్టాయో లెక్కపెట్టుకుని ఇంటికొస్తున్నాం. సంతకాల లెక్క పనికిరాదని అనను. అది నా తిండి. కానీ దాన్ని పని లెక్కగా చలామణి చేస్తున్నాం, నా గొడవ అక్కడ.

ముందు ఈ లెక్క ఎలా జరుగుతుందో చెప్పాలి. పేపరు మీద రచయితల పేర్ల కింద వాళ్ళ సంస్థల చిరునామాలుంటాయి. చిరునామా చివర దేశం పేరు. వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ లాంటి డేటాబేసులు ఆ చిరునామాలని ఏరి పెడతాయి. ఒక పేపరులో రెండు దేశాల పేర్లు కనిపిస్తే అది అంతర్జాతీయ సహకారం. ఇంత తేలిక కాబట్టే ఇంత ప్రచారం. టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ర్యాంకింగులో ఒక్క ఈ శాతానికే 2.5 శాతం మార్కులున్నాయి. వినడానికి చిన్నదే. కానీ పక్కపక్కన ఉన్న రెండు సంస్థల మధ్య తేడా ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అందుకే ఆ ఫోన్లు.

తర్వాత, ఎవరికెంత అన్న తగువు. ముగ్గురు రాసిన పేపరులో ఇద్దరు బెంగళూరు, ఒకరు మ్యూనిక్ అనుకోండి. మొత్తం లెక్క ప్రకారం భారత్‌కి ఒకటి, జర్మనీకి ఒకటి. పేపరు ఒకటే, లెక్కలో రెండైంది. భాగాల లెక్క ప్రకారం భారత్‌కి 0.67, జర్మనీకి 0.33. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ తీసే లైడెన్ ర్యాంకింగు వాళ్ళు రెండో పద్ధతి వైపు మొగ్గుతారు. నేచర్ ఇండెక్స్ వాళ్ళు రెండూ ఇస్తారు. మంత్రులు ఉపన్యాసాల్లో వాడేది మాత్రం ఎప్పుడూ మొదటిదే, పెద్దగా కనిపిస్తుంది కాబట్టి.

భాగాల లెక్క ఎందుకు కావాలో అర్థం కావాలంటే 2015లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వచ్చిన ఒక పేపరు చూడాలి. జెనీవా దగ్గరున్న సెర్న్ ప్రయోగశాలలోని అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశిని కొలిచిన పేపరు అది. రచయితలు 5,154 మంది. మొత్తం 33 పేజీల్లో సైన్సు 9 పేజీలు, మిగతా 24 పేజీలు పేర్లూ ఊళ్ళూ. మన శుభలేఖల్లో అడుగున "బంధుమిత్రుల అభినందనలతో" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చూడండి, వీళ్ళు ఆ బంధుమిత్రులందరినీ పేరుపేరునా అచ్చువేశారు. డెరెక్ డి సోలా ప్రైస్ అనే చరిత్రకారుడు 1963లోనే రచయితల సంఖ్య పెరుగుతున్న తీరు చూసి, 1980 కల్లా ఏకరచయిత పేపర్లు అంతరించిపోతాయన్నాడు. అంతరించలేదు గానీ ఆయన చూపు పోయిన దిక్కు సరైనదే.

ఇలాంటి పేపరు దేశాల జంటల లెక్కని ఏం చేస్తుందో చూడండి. రెండు దేశాల పేపరులో జంట ఒకటే. పది దేశాలుంటే జంటలు 45. నలభై దేశాలుంటే 780. ఇద్దరు మనుషులు మూడేళ్ళు ఉత్తరాలు రాసుకుని, నమూనాలు పంపుకుని రాసిన పేపరు ఒక్క జంటనిస్తే, ఒక్క సెర్న్ పేపరు వందల జంటల్ని ఒక్కసారిగా కురిపిస్తుంది. దీనివల్ల ఒక విచిత్రం. భారత్ సంస్థలు సీఎంఎస్‌లో ఉన్నాయి, ఐఐటీ మద్రాస్ సహా. పాకిస్తాన్ సంస్థలూ ఉన్నాయి. సీఎంఎస్ పేపరు వెలువడినప్పుడల్లా భారత్–పాకిస్తాన్ శాస్త్ర సహకారం ఒకటి పెరుగుతుంది. వీసాలు ఆగిపోయిన ఏడు కూడా పెరుగుతుంది. ఆ రెండు దేశాల శాస్త్రవేత్తలు జెనీవా క్యాంటీన్లో కలిసి కాఫీ తాగితే నాకు సంతోషమే. కాఫీ తాగకపోయినా లెక్క మారదు, అది నా బాధ.

2013లో టైమ్స్ ర్యాంకింగులో చండీగఢ్‌లోని పంజాబ్ యూనివర్సిటీ 226–250 మధ్య చోటు సంపాదించి మన దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. అందరూ నోరెళ్ళబెట్టారు. చండీగఢ్ భౌతికశాస్త్రజ్ఞులు సీఎంఎస్‌లో భాగస్వాములు, ఆ పేపర్లకొచ్చే సైటేషన్ల వరద యూనివర్సిటీ సగటుని ఎత్తేసిందని విశ్లేషకులు తేల్చారు. ఆ శాస్త్రజ్ఞులు చేసింది అసలైన పని. దాన్ని కొలిచిన కొలబద్దే అలాంటిది. తర్వాత టైమ్స్ వాళ్ళు వెయ్యిమందికి పైగా రచయితలున్న పేపర్లని 2015లో పూర్తిగా పక్కనపెట్టారు, మరుసటేడు భాగాల లెక్కతో వెనక్కి తెచ్చారు. అదే భౌతికశాస్త్రం, మూడేళ్ళలో మూడు విలువలు.

పెద్ద దేశాల, చిన్న దేశాల సంగతి ఇంకొకటుంది, మనవాళ్ళు పత్రికల్లో గుండెలు బాదుకునేది దీని గురించే. భారత్ పేపర్లలో విదేశీ సహకారం శాతం తక్కువ, యూకే పేపర్లలో సగానికి పైగా విదేశీ కో-ఆథర్లుంటారు, మనం వెనకబడ్డాం అని. బెంగళూరు నుంచి హోసూరు నలభై కిలోమీటర్లు, దాటితే తమిళనాడు. ఇటు హిందూపురం వైపు వెళ్తే ఆంధ్ర. మన రాష్ట్రాలే దేశాలైతే బెంగళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లో (ఐఐఎస్సీ) ఒకరు హైదరాబాదులో ఒకరితో రాసిన ప్రతి పేపరూ అంతర్జాతీయమే అయ్యేది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి ఫ్రాన్సులోని ములూస్‌కి సుమారు ముప్ఫై కిలోమీటర్లు. మెజెస్టిక్ నుంచి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకి పోయేంత దూరం. వాళ్ళది అంతర్జాతీయం, బెంగళూరు–గువాహటి స్వదేశీ. చిన్న ఇంట్లో ఉన్నవాడు ఉప్పుకైనా పొరుగింటికి వెళ్ళాలి. పెద్ద ఉమ్మడి కుటుంబంలో ఉన్నవాడికి వంటింట్లోనే దొరుకుతుంది. వాణ్ణి కలుపుగోలుతనం లేనివాడంటే ఎలా?

దీనికి మందు ఉంది, నిజం చెప్పాలి. రెండు దేశాల ఉమ్మడి పేపర్లని ఆ రెండు దేశాల మొత్తం పేపర్ల గుణకారానికి వర్గమూలంతో భాగిస్తారు. డాక్యుమెంట్ల మధ్య పోలికలు వెతకడానికి కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు జెరార్డ్ సాల్టన్ వాడిన కొలత ఇది. ఇంకొందరు, పరిమాణాల్ని బట్టి ఎన్ని ఉమ్మడి పేపర్లు రావాలో అంచనా వేసి, నిజంగా వచ్చినవాటితో పోలుస్తారు. ఇలా చూస్తే అమెరికాతో మనకున్న సంబంధం అంత అసాధారణంగా కనిపించదు. అమెరికా అందరితోనూ రాస్తుంది, మనతోనూ రాస్తుంది. లైడెన్ వాళ్ళు ఇంకో అడుగు వేసి, దేశాల సరిహద్దులు వదిలేసి కో-ఆథర్ల మధ్య కిలోమీటర్లు కొలుస్తారు. నాకు నచ్చినది అదే. గువాహటికి న్యాయం జరుగుతుంది.

అసలు దేశమంటే ఏది? వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండు నాలుగు వేరువేరు పేర్లు. కలపడం మర్చిపోతే ఎడిన్‌బరో–లండన్ పేపర్లు విదేశీ సహకారమైపోతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఆ తప్పు చేశాను. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయిన మర్నాటి నుంచి మాస్కో–కీవ్ పేపర్లు అంతర్జాతీయమయ్యాయి, అదే ఇద్దరు, అదే ప్రయోగశాలలు. 2014 జూన్ 2 తర్వాత విజయవాడ–హైదరాబాదు బస్సెక్కిన మనకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

1924లో ఢాకా యూనివర్సిటీ నుంచి సత్యేంద్రనాథ్ బోస్ తన వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కి పంపాడు. ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి అనువదించి జైట్‌ష్రిఫ్ట్ ఫర్ ఫిజిక్‌లో అచ్చువేయించాడు. దాన్ని పొడిగిస్తూ తనూ రాశాడు. వందేళ్ళ తర్వాత కూడా ఇద్దరి పేర్లూ జంటగా పలుకుతున్నాం. ఆ పేపరు రచయిత మాత్రం బోస్ ఒక్కడే, చిరునామా ఒక్కటే. నా ఫిల్టరు లెక్కలో భారత్–జర్మనీ సహకారం సున్నా. పైగా ఢాకాని ఇవాళ ఏ దేశం ఖాతాలో వేయాలి? బంగ్లాదేశ్‌దా, 1924లో ఉన్న భారత్‌దా? డేటాబేసు కళ్ళు మూసుకుని ఏదో ఒకటి రాస్తుంది.

ఇంకొకటి మన ఇంటి ఉదాహరణ. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివాడు. ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుకి కోపమొచ్చి ఎంబీబీఎస్ బదులు అంతకన్నా చిన్న డిగ్రీ ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. హార్వర్డుకి వెళ్ళి సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో అచ్చువేశాడు. ప్రపంచంలో అత్యధికంగా ఉటంకించిన పేపర్లలో అదొకటి. కణాలకి శక్తినిచ్చే ఏటీపీ మీద వాళ్ళ పేపరు 1929లో. ఇద్దరి చిరునామా హార్వర్డే కాబట్టి అది అమెరికా స్వదేశీ పేపరు. భీమవరం లేదు, మద్రాసు లేదు. దానికి విరుద్ధంగా ఇప్పుడు మ్యూనిక్‌లో పోస్ట్‌డాక్ చేస్తున్న గుంటూరు అబ్బాయి హైదరాబాదులో తన పాత గైడుతో రాస్తే అది ఇండో-జర్మన్ సహకారం. గురుశిష్యులిద్దరూ వాట్సాప్‌లో తెలుగులో మాట్లాడుకుని రాసినా సరే. ఏ దేశపు పాస్‌పోర్టు, ఏ భాష, ఎవరి డబ్బు, ఇవేవీ చిరునామాలో ఉండవు.

చిరునామాకి ధర కట్టొచ్చు కూడా. సౌదీ యూనివర్సిటీలు కొన్ని, ఎక్కువ సైటేషన్లున్న విదేశీ ప్రొఫెసర్లకి డబ్బిచ్చి, ఏడాదికి కొన్ని వారాలొస్తే చాలు, రెండో అఫిలియేషన్‌గా మా పేరు రాయండి అన్నాయని సైన్స్ పత్రిక 2011లోనే రాసింది. నాకు ఫోను చేసినవాళ్ళు కొత్త దారేమీ కనిపెట్టలేదన్నమాట.

ఇక్కడ మా పెదనాన్న గురించి చెప్పాలి. డెబ్బైల్లో తెనాలి నుంచి బెంగళూరొచ్చి ఒక సంస్థలో గ్లాస్ బ్లోయింగ్ సెక్షన్లో చేరాడు. మత్తికెరెలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. ఇప్పుడు కళ్ళు సరిగా కనపడవు గానీ గాజు గొట్టం చేతికిస్తే గోడ మందం వేళ్ళతోనే చెబుతాడు. అప్పట్లో కెమిస్ట్రీ వాళ్ళకి వ్యాక్యూం లైన్లు (గాలి తీసేసిన గొట్టాల వరుసలు) బోరోసిలికేట్ గాజుతో అక్కడికక్కడ చేసిచ్చేవాళ్ళు. గొట్టాన్ని మంటలో తిప్పుతూ, రెండో చివర నోటితో ఊదుతూ, టీ ఆకారంలో అతకాలి. అతుకు దగ్గర గాజు పల్చబడితే చల్లారేటప్పుడు పగులుతుంది. కంటికి కనపడని సూది బెజ్జం ఉంటే వ్యాక్యూం నిలవదు. చీకట్లో కరెంటు నిప్పురవ్వలు పుట్టించే టెస్లా కాయిల్ తిప్పుకుంటూ పోతే బెజ్జం ఉన్నచోట నిప్పురవ్వ తెల్లగా లోపలికి దూకుతుందట. "రాత్రి ఎనిమిదింటికి లైట్లు ఆర్పి వెతికేవాళ్ళం అమ్మాయ్" అంటాడు.

ఒకసారి జర్మనీ నుంచి ఒకాయన ఏడాది ఉందామని వచ్చాడు. తనతో తెచ్చిన గాజు సామాను సగం దారిలోనే పగిలిపోయింది. పెదనాన్న నాలుగు నెలలు కూర్చుని మొత్తం లైను మళ్ళీ కట్టాడు, ఆయన గీసిన బొమ్మలో రెండుచోట్ల మార్పులు చెప్పి మరీ. ఆయన వెళ్ళిపోయాక చాలా ఏళ్ళు కొత్త సంవత్సరానికి కార్డు వచ్చేది. పేపరు నేను వెతికి తీశాను. మూడు పేర్లు, రెండు దేశాలు, చివర్లో "గ్లాస్ బ్లోయింగ్ సెక్షన్‌కి కృతజ్ఞతలు" అని ఒక ముక్క. శుభలేఖలో బంధుమిత్రులు. ఇప్పుడు కొన్ని జర్నళ్ళు ఎవరేం చేశారో 14 పాత్రలుగా విడగొట్టి రాయమంటున్నాయి, వాటిలో వనరులు సమకూర్చడం కూడా ఒక పాత్ర. బాగానే ఉంది. అయితే ఆ పాత్రలు రచయితలుగా పేరున్నవాళ్ళకే.

ఇదంతా చూశాక నేనొక పరీక్ష పెట్టుకున్నాను. ఒక దేశం మధ్యలో వదిలేసి వెళ్ళిపోతే పని ఆగిపోయేదా? ఆగేదయితే అది సహకారం. ఆగకపోతే సంతకం. ఇంకేమీ చూడను.

చంద్రయాన్-1 తీసుకోండి. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. దాని మీద పదకొండు పరికరాలు, అయిదు మనవి, ఆరు బయటివి. నాసా ఇచ్చిన మూన్ మినరాలజీ మ్యాపర్ చంద్రుడి నేల మీద నీటి జాడ చూపించింది. ఆ సమాచారం దిగింది బెంగళూరు పక్కన బ్యాలాలులో ఉన్న యాంటెన్నాలకి. 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపరులో మొదటి పేరు కార్లే పీటర్స్, రెండోది జె.ఎన్. గోస్వామి. నా లెక్కలో అమెరికా–భారత్, ఒకటి. రాకెట్టు లేకపోతే పరికరం అల్మారాలో ఉండేది, పరికరం లేకపోతే మన ఉపగ్రహం ఆ నీటిని అంత వివరంగా చూసేది కాదు. పరీక్షలో నూటికి నూరు మార్కులు. లెక్కలో మాత్రం, ఒకరినొకరు ఎప్పుడూ చూడని ఇద్దరు పేర్లు పంచుకున్న పేపరుతో సమానం.

నాసా, ఇస్రో కలిసి కట్టిన ఉపగ్రహం నిసార్ ఇంకా మంచి ఉదాహరణ. ఎల్-బ్యాండ్ రాడార్ వాళ్ళది, ఎస్-బ్యాండ్ రాడార్ మనది. రెండూ కాలిఫోర్నియాలో జతపడి 2023 మార్చిలో విమానంలో బెంగళూరొచ్చాయి. ఇక్కడ ఉపగ్రహానికి బిగించారు. మరుసటేడు 12 మీటర్ల యాంటెన్నా రిఫ్లెక్టరు వేడెక్కకుండా పూత వేయాలని తేలితే, దాన్ని ఊడదీసి మళ్ళీ కాలిఫోర్నియా పంపి, పూత వేయించి వెనక్కి తెప్పించారు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి పైకి వెళ్ళింది. ఆ రిఫ్లెక్టరు విమానం ఎక్కి దిగిన ప్రతిసారీ రెండు దేశాల మధ్య ఎంత నమ్మకం, ఎన్ని కస్టమ్స్ కాగితాలు, ఎన్ని అర్ధరాత్రి కాల్సు నడిచుంటాయో ఊహించుకోవచ్చు. ఒప్పందం 2014లో జరిగింది. ఆ పదేళ్ళూ నా గడిలో దానికి దక్కింది దాదాపు ఏమీ లేదు. ఎందుకంటే ఉపగ్రహం కట్టేటప్పుడు సంతకాలు పడవు, డేటా వచ్చాక పడతాయి.

నా పరీక్ష గురించి మా టీంలో అనంతపురం కుర్రాడికి చెబితే ఇడ్లీ తింటూనే కొట్టిపారేశాడు. "అక్కా, లక్ష పేపర్లున్నాయి. ఒక్కోదానికీ ఎవరిని అడుగుతావ్? అడిగితే మాత్రం నేను లేకపోయినా పని జరిగేది అని ఎవడైనా ఒప్పుకుంటాడా?" సంతకాల లెక్క అందరికీ కనపడుతుంది, ఎవరైనా మళ్ళీ లెక్కేసి సరిచూసుకోవచ్చు, నీ పరీక్ష మనసులో మాట అన్నాడు. సిల్వన్ కాట్జ్, బెన్ మార్టిన్ 1997లో రాసిన పేపరు గురించి కూడా చెప్పాడు. కో-ఆథర్షిప్ సహకారానికి పాక్షికమైన కొలతేనని వాళ్ళే చెప్పారు, అయినా అందరూ వాడుతున్నారంటే చవకా, నికరమూ కాబట్టి. అతని మాటలో బలముంది. అంగట్లో తూకం తప్పైనా రాయి అందరికీ ఒకటే ఉంటే కొంత న్యాయం ఉన్నట్టే.

నా పరీక్షని అతనికన్నా గట్టిగా దెబ్బకొట్టింది గుంటూరు. 1868 ఆగస్టు 18న మన కోస్తా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచివాడు జూల్ జాన్సెన్ గుంటూరులో టెలిస్కోపు పెట్టుకున్నాడు. బ్రిటిషు బృందమొకటి కూడా అక్కడే ఉంది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ బందరు వెళ్ళాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటంలో గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండానే వీటిని చూడొచ్చని జాన్సెన్‌కి తట్టింది, మర్నాడే చూశాడు. రెండు నెలలకి, ఈ సంగతేమీ తెలియని ఇంగ్లీషు ఖగోళశాస్త్రజ్ఞుడు నార్మన్ లాక్యర్ లండన్‌లో అదే పని చేశాడు. ఇద్దరి వార్తలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద ముద్రించింది. ఆ జ్వాలల్లోని పసుపు గీత సోడియంది కాదని తేల్చి, దాని వెనక ఉన్న కొత్త మూలకానికి హీలియం అన్న పేరు రావడానికి కారణమైంది లాక్యర్. భూమి మీద దాన్ని బ్రిటిషు రసాయనశాస్త్రజ్ఞుడు రామ్సే పట్టుకున్నది 1895లో. గుంటూరులో హీలియం కనిపెట్టారని మనం చెప్పుకునేదాంట్లో ఇంత చిక్కుంది.

ఇప్పుడు నా పరీక్ష పెడితే? జాన్సెన్ లేకపోయినా లాక్యర్ పని ఆగేది కాదు. లాక్యర్ లేకపోయినా జాన్సెన్ పని ఆగేది కాదు. కాబట్టి సహకారం లేదు. కానీ ఒక పతకం మీద రెండు ముఖాలున్నాయి. ఫ్రెంచి ప్రభుత్వానికి కనిపించినదేదో నా పరీక్షకి కనిపించడం లేదు.

ఆ ఆదివారం పెదనాన్న ఇంటికి వెళ్ళినప్పుడు ఊరుకోలేక అడిగేశాను. "పెదనాన్నా, మీరు ఆ గాజు లైను కట్టకపోతే జర్మనీ ఆయన పని ఆగిపోయేదా?" అవునంటాడనే అనుకున్నాను, దాన్ని ఈ వ్యాసంలో పెట్టుకుందామని కూడా అనుకున్నాను. పెదనాన్న కాసేపు ఆలోచించాడు.

"ఎందుకాగుద్దే? వాళ్ళ దేశం పోయి చేయించుకునేవాడు. మాకన్నా మంచి పనివాళ్ళున్నారక్కడ. ఓ ఆర్నెల్లు లేటయ్యేది, అంతే."

"ఆర్నెల్లేనా?"

"ఆర్నెల్లంటే తక్కువా? ఆయనిక్కడుండేదే ఏడాది."

ఇంటికొచ్చి ప్రశ్న మార్చుకున్నాను. ఆగేదా అని అడగడం మానేసి, ఎంత ఆలస్యమయ్యేది అని అడుగుతున్నాను. అలా అడిగితే గుంటూరుకీ ఒక జవాబుంది, రెండు నెలలు. కుర్రాడన్నట్టు లక్ష పేపర్లని అడగలేను. ఒక సంస్థవి నలభై తీసుకుని, మా మేనేజరుకి చెప్పకుండా, రచయితలకి ఒక్క వాక్యం మెయిలు పెట్టాను. ఫలానా దేశంలో మీ కో-ఆథర్ లేకుంటే ఈ పని ఎన్నాళ్ళు ఆలస్యమయ్యేది? సగంమంది జవాబివ్వలేదు. ఒకాయన, ఇది ఏ కమిటీ కోసమో ముందు చెప్పండి అన్నాడు. కుర్రాడి మాట విని, కో-ఆథర్ లేకపోయినా జరిగేదని ఎవరూ ఒప్పుకోరనుకున్నాను, అది తప్పైంది, నెలల్లో అడిగితే మొహమాటం తగ్గుతుందనుకుంటాను. ఒకావిడ, థర్మోకోల్ పెట్టెలో మంచు ముక్కల మధ్య వచ్చిన నమూనాల గురించి పేజీన్నర రాసి, చివర్లో "పదేళ్ళు, బహుశా ఎప్పటికీ" అంది. ఇంకొకాయన జవాబు రెండు ముక్కలు: "ఒక మధ్యాహ్నం."